సస్తా డబ్బాలో లేనిదేమిటి?

2024లో రంజాన్ ఈద్ ఏప్రిల్ 11న వచ్చింది. దానికి ఆరు రోజుల ముందు, ఏప్రిల్ 5న, సోనీ కంపెనీ కొత్తగా సన్నబరిచిన ప్లేస్టేషన్ 5ని ఇండియాలో అమ్మకానికి పెట్టింది. రెండు రకాలు తెచ్చింది. డిస్కు పెట్టుకుని ఆడేది 54,990 రూపాయలు. డిస్కు పెట్టే సందే లేనిది 44,990. దానికి డిజిటల్ ఎడిషన్ అని పేరు.

విజయనగరంలో ఉండే మా భతీజా ఆ రాత్రి తరావీహ్ అయ్యాక ఫోన్ చేశాడు. "చాచా, లోపల మెషీన్ ఒకటేనట. పదివేలు తక్కువకి దొరుకుతుంటే ఎక్కువెందుకు పెట్టడం?" అన్నాడు. వాడి దగ్గర ఉన్నవి మూడేళ్ల ఈదీ డబ్బులు. మిగతాది భాయిజాన్ కొంత, శ్రీకాకుళం, బొబ్బిలి, పార్వతీపురంలో ఉన్న మా చెల్లెళ్ల పిల్లలు కొంత. నాలుగు ఇళ్ల పిల్లలు కలిసి ఒక డబ్బా కొంటున్నారన్నమాట. పదివేలంటే ఆ నాలుగిళ్లలో ఒక ఇంటికి నెల రేషనూ పాలూ కూరగాయలూ కలిపినంత. వాడి సవాల్ సబబే.

జూట్ మిల్లుల లాకౌట్ల గురించి వార్తలు రాసుకునే నాకు ఈ ఆటల సంగతేం తెలుసు? "రెండ్రోజులు ఆగు బేటా" అన్నాను. తవ్వుతూ పోతే, సస్తా డబ్బా, మెహంగా డబ్బా అనే ఈ తిజారత్‌కి పెద్ద చరిత్రే ఉంది. అందులో మనమూ ఉన్నాం.

మా తరం వాళ్లకి వీడియో గేమ్ అంటే క్యాసెట్టే. పసుపుపచ్చదో ఎర్రదో ఒక ప్లాస్టిక్ క్యాసెట్, దాని మీద మారియో బొమ్మ, పక్కన 'తొమ్మిది లక్షల తొంభైతొమ్మిది వేల తొమ్మిది వందల తొంభైతొమ్మిది ఆటలు' అనే అబద్ధం. పెడితే పడేవి ఓ పది ఆటలు, మళ్లీ మళ్లీ అవే. పని చేయకపోతే తీసి కింద ఉఫ్ అని ఊదేవాళ్లం. దువా చదివి ఊదినంత ఏకాగ్రతగా ఊదేవాళ్లం.

ఆ డబ్బాలు నఖ్లీవి. నింటెండో కంపెనీ 1983లో జపాన్‌లో తెచ్చిన ఫ్యామికామ్ అనే మెషీన్‌కి నకళ్లు. తొంభైలలో అవి రకరకాల పేర్లతో దేశమంతా పారాయి. మన జిల్లాలకి విశాఖ మార్కెట్ నుంచి వచ్చేవి. ఉద్దానం వైపు ఇళ్లకి గల్ఫ్ నుంచి సెలవుల్లో వచ్చేవాళ్ల పెట్టెల్లో, టేప్ రికార్డర్ పక్కన, అత్తరు సీసాల కింద వచ్చేవి. నింటెండోకి వాటి మీద ఒక్క పైసా ముట్టలేదు. అది జాయిజ్ అని నేను అనను. అప్పట్లో అడిగినవాళ్లూ లేరు.

ఆ నఖ్లీ డబ్బాల్లోనూ సస్తా రకం, మెహంగా రకం ఉండేవి. సస్తా రకంలో రెండు రిమోట్లూ డబ్బాకే అతుక్కుని ఉండేవి, తీగ తెగితే మొత్తం రిపేరుకి పోవాల్సిందే. మెహంగా రకంలో రిమోట్లు ఊడి వచ్చేవి, బాతుల్ని కాల్చడానికి తుపాకీ వచ్చేది, కొన్నిటికి కంప్యూటర్‌లా కీబోర్డు కూడా ఉండేది. కానీ ఫ్యామికామ్ క్యాసెట్‌కి 60 కాళ్లు. ఈ నకళ్లన్నీ ఆ 60 కాళ్ల లెక్కనే పాటించాయి. అందుకని గరీబు ఇంటి క్యాసెట్ అమీరు ఇంటి డబ్బాలో ఆడేది, అమీరు ఇంటి క్యాసెట్ మా ఇంట్లోనూ ఆడేది. మా మొహల్లాలో ఎనిమిది తొమ్మిది ఇళ్లలో డబ్బాలుంటే క్యాసెట్లు మాత్రం అందరివీ. ఎవరి క్యాసెట్ ఎవరింట్లో ఉందో అమ్మీలకే తెలుసు. ఖుర్బానీ గోష్త్ ఇచ్చి పంపిన గిన్నెలో క్యాసెట్ పెట్టి తిరిగి పంపిన ఇళ్లున్నాయి.

అస్లీ కంపెనీలు కూడా ఆ రోజుల్లో ఇంచుమించు ఇలాగే చేశాయి. నింటెండో అమెరికాలో తన మెషీన్ని 1985లో దింపినప్పుడు, రోబో బొమ్మా తుపాకీ కలిపి ఖరీదైన పెట్టె ఒకటి అమ్మింది. ఆ తర్వాత ఆ హంగులేవీ లేకుండా ఉత్త మెషీన్నీ అమ్మింది. లోపల సరుకు ఒకటే, క్యాసెట్లు ఒకటే. సెగా కంపెనీ 1990లో మాస్టర్ సిస్టమ్ 2 అని చవక రకం తెచ్చింది. కార్డు పెట్టే సందు తీసేసింది, రీసెట్ మీట తీసేసింది, ఎర్రగా వెలిగే చిన్న దీపం కూడా తీసేసింది. ఆ దీపానికి ఎంత మిగిలిందో ఏమో! క్యాసెట్ సందుని మాత్రం ముట్టుకోలేదు. నింటెండో 1993లో 50 డాలర్లకి దించిన చిన్న డబ్బాలోనూ అంతే. టీవీకి మంచి బొమ్మ పంపే వైరు సందు పోయింది, పాత క్యాసెట్లన్నీ ఆడాయి.

అప్పట్లో ఆ అస్లీ సరుకు మనకి అందే పరిస్థితి లేదు. సెగా మెగా డ్రైవ్‌ని షా వాలెస్ కంపెనీ 1995లో ఇండియాలో అమ్మింది, 18,000 రూపాయలకి. దిగుమతి సుంకమే 80 శాతం ఉన్న జమానా అది. పద్దెనిమిది వేలకి ఆ రోజుల్లో మా అబ్బా రెండో చేతి స్కూటరు కొని, మిగిలిన దాంతో ఇంటికి సున్నాలు కూడా వేయించేవారు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఒకే సరుకుని రెండు ధరల్లో అమ్మడం పాపమేమీ కాదు. మన పొందూరు ఖద్దరునే చూడండి. వాలుగ చేప దవడ ఎముకతో దూదిని దువ్వి, నూరో నంబరు దాకా సన్నగా వడికి నేసిన బట్ట ఒక ధర. తక్కువ నంబరు నూలుతో నేసింది ఇంకో ధర. రెండూ పక్కపక్కనే పెడితే కళ్లతో చూడొచ్చు, వేళ్లతో పట్టి చూడొచ్చు. చవక బట్ట మోటుగా ఉంటుంది గానీ, అదీ నీదే. కుట్టించుకుంటావు, తమ్ముడికిస్తావు, చిరిగితే దస్తర్‌ఖాన్ చేస్తావు. తక్కువ డబ్బు పెట్టావు కాబట్టి ఎవరికీ ఇవ్వకూడదని నేతగాడు షరతు పెట్టడు.

ఆటల డబ్బాల్లో ఆ షరతు ఎప్పుడు మొదలైంది? నా లెక్కలో బీజం 2005లో పడింది. మైక్రోసాఫ్ట్ ఆ నవంబరులో ఎక్స్‌బాక్స్ 360ని మొదటి రోజు నుంచే రెండు రకాలుగా దించింది. 400 డాలర్లది పూర్తి సెట్టు, 300 డాలర్లది కోర్. దాని ముందు మెషీన్‌లో ప్రతి డబ్బాలోనూ హార్డ్ డిస్కు పెట్టి ఆ కంపెనీ బాగా నష్టపోయింది. చిప్పుల ధరలు ఏటేటా దిగుతాయి గానీ హార్డ్ డిస్కు ధర ఒక స్థాయి దాటి దిగదు. అందుకని ఈసారి దాన్ని మెహంగా రకానికే ఉంచింది.

2006 సెప్టెంబరులో అది ఇండియాకీ వచ్చింది. కోర్ 19,990, పూర్తి సెట్టు 23,990. ప్రచారానికి అక్షయ్ కుమార్, యువరాజ్ సింగ్. ఆ నాలుగు వేల తేడాలో పోయిందేమిటంటే, 20 జీబీ హార్డ్ డిస్కు, తీగ లేని రిమోట్, హెచ్‌డీ టీవీకి పెట్టే వైరు. తీగ ఉన్న రిమోట్‌తో ఆడుకోవచ్చు, అదేం పెద్ద లోటు కాదు. హార్డ్ డిస్కు లేకపోవడమే లోటు. రాత్రంతా ఆడి పదో మెట్టుకి చేరిన పిల్లాడు పడుకుని లేస్తే మళ్లీ మొదటి మెట్టు! ఆడింది దాచుకోవాలంటే మెమరీ కార్డు వేరే కొనాలి. పాత ఎక్స్‌బాక్స్ ఆటలు ఇందులో ఆడాలన్నా హార్డ్ డిస్కు ఉండాల్సిందే. అంటే కోర్ కొన్నవాడు రెండోసారి దుకాణానికి వెళ్లక తప్పదు, రెండు ఖర్చులూ కలిస్తే మిగిలిందేమీ ఉండదు. రెండేళ్లు తిరక్కుండానే కంపెనీ దాన్ని ఆపేసి, చిన్న మెమరీ ముక్క కలిపి ఆర్కేడ్ అనే కొత్త పేరుతో అమ్మింది.

సోనీ కూడా 2006లో ప్లేస్టేషన్ 3ని అమెరికాలో రెండు రకాలుగా తెచ్చింది, 20 జీబీది 500 డాలర్లు, 60 జీబీది 600. చవక దాంట్లో వైఫై లేదు. చవక అన్న పేరేగానీ అదీ చవక కాదు, జనం కొనలేదు, 2007 ఏప్రిల్ నాటికే అక్కడ ఆపేశారు. అదే నెల మన దేశానికి వచ్చిన ప్లేస్టేషన్ 3 ధర 39,990. అదే ఏడాది చివర్లో నిజంగా చవకైన 40 జీబీ రకం 400 డాలర్లకి వచ్చింది. దాంట్లోంచి ప్లేస్టేషన్ 2 డిస్కులు ఆడే శక్తిని తీసేశారు. అల్మారాలో ఉన్న నీ పాత డిస్కులు ఈ కొత్త డబ్బాకి పనికిరావు. కోసేసింది మొదటిసారి హంగుని కాదు, నీ దగ్గర ఆల్రెడీ ఉన్న సామానుతో నీకున్న రిష్తాని.

మన దేశంలో అసలైన సస్తా డబ్బా మాత్రం ప్లేస్టేషన్ 2. అమెరికాలో పాతబడిపోయిన మెషీన్, ఇక్కడ మధ్యతరగతికి అప్పుడే అందింది. దాన్ని నమ్ముకుని సోనీ ఇండియాలోనే ఆటలు చేయించింది. ఆ చేసినవాళ్లు మన హైదరాబాద్ వాళ్లు. 2009లో వచ్చిన 'హనుమాన్: బాయ్ వారియర్'ని హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ చేసింది, ప్లేస్టేషన్ కోసం పూర్తిగా ఇండియాలో తయారైన మొదటి ఆట అదే. అదే ఏడాది వచ్చిన 'దేశీ అడ్డా'ని చేసిన గేమ్‌శాస్త్ర కూడా హైదరాబాద్‌దే. అందులో కబడ్డీ, గిల్లీ దండా, పతంగులు ఉన్నాయి. గిల్లీ దండాని టీవీలో ఆడడమేమిటని నవ్వొచ్చు. కానీ మన వీధి ఆటల్ని పెట్టమని ఒక జపాన్ కంపెనీ అడిగిందంటే అది ఈ సస్తా డబ్బా కొన్న ఇళ్ల వల్లే. ఆ డబ్బాలో డిస్కులు చేతులు మారేవి. సగం నఖ్లీ డిస్కులే, అదీ నిజమే. అస్లీ డిస్కు కొన్నవాడు కూడా ఆడేశాక సగం ధరకి అమ్మి, ఆ డబ్బుతో ఇంకోటి కొనేవాడు. దుకాణాల్లో కిరాయాకీ దొరికేవి.

కంపెనీల కన్ను ఇక్కడే పడింది. ఆట డబ్బా మీద పెద్దగా లాభముండదు, ఒక్కోసారి నష్టానికే అమ్ముతారు. లాభమంతా ఆటల మీద. ఒక డిస్కు పది చేతులు మారితే మొదటి చేతి దగ్గరే కంపెనీకి డబ్బొచ్చేది. మిగతా తొమ్మిదిమంది దాని ఖాతాలో గిరాకీ కారు. అదే ఆటని ఇంటర్నెట్ దుకాణంలో అమ్మితే వేరేవాళ్ల ఆటల మీద కూడా నూటికి ముప్పై వరకు ఈ కంపెనీకే. కొన్నవాడు దాన్ని ఇంకొకరికి అమ్మలేడు.

2013 జూన్‌లో మైక్రోసాఫ్ట్ ఈ పని డిస్కుల మీదే చేయబోయింది. కొత్త ఎక్స్‌బాక్స్ వన్‌లో డిస్కు కొన్నా ఆట నీ ఖాతాకి కట్టేసి ఉంటుంది. మెషీన్ రోజుకోసారి నెట్‌లో హాజరు చెప్పుకోవాలి. ఆటని స్నేహితుడికి ఒక్కసారే ఇవ్వొచ్చు, అదీ అతను కనీసం నెల రోజులుగా నీ స్నేహితుల జాబితాలో ఉంటేనే! దోస్తీకి ఇద్దత్ లెక్కపెట్టినట్టుంది. సోనీ దానికి జవాబుగా చిన్న వీడియో వేసింది. ఆటని పంచుకోవడమెలా అని శీర్షిక. షుహే యోషిదా అనే వాళ్ల పెద్దాయన డిస్కు పెట్టెని పక్కనున్న ఆడమ్ బోయెస్ చేతికి ఇస్తాడు, ఆయన థాంక్స్ అంటాడు, అంతే, వీడియో ఖతం. లోకమంతా నవ్వింది. జూన్ 19న మైక్రోసాఫ్ట్ వెనక్కి తగ్గింది.

ఫర్మానాతో రానిది రాయితీతో వచ్చింది. 2019లో మైక్రోసాఫ్ట్ డిస్కు సందు లేని ఎక్స్‌బాక్స్ వన్‌ని 250 డాలర్లకి తెచ్చింది. 2020 నవంబర్ 10న ఇండియాతో సహా ప్రపంచమంతా ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్ వచ్చాయి. అప్పటికి ఆ కంపెనీకి అధిపతి మన హైదరాబాద్ పిల్లోడు సత్య నాదెళ్ల. ఎక్స్ 49,990, ఎస్ 34,990. చిన్నదాంట్లో బొమ్మ గీసే శక్తి మూడో వంతు, మెమరీ తక్కువ, డిస్కు సందు లేదు. 2013లో వీడియో వేసి నవ్వించిన సోనీ ఏం చేసింది? 2021 ఫిబ్రవరి 2న ప్లేస్టేషన్ 5 ఇండియాకి వచ్చినప్పుడు ప్రకటించిన ధరలు 49,990, 39,990. వాటిలో శక్తి తేడా ఏమీ లేదు. అదే చిప్పు, అదే మెమరీ. తీసేసింది ఒక్క డిస్కు సందే.

భతీజా అన్నది కరెక్టే, లోపల మెషీన్ ఒకటే. అందుకే నాకు సిరీస్ ఎస్ కంటే ఇది ఎక్కువ ఇబ్బందిగా అనిపిస్తుంది. తక్కువ శక్తి ఉన్నదాన్ని తక్కువకి అమ్మడం పొందూరు లెక్క. ఇక్కడ సరుకు తగ్గలేదు, హక్ తగ్గింది. ఆ తగ్గిన హక్ వల్ల వచ్చే ఆదాయం కంపెనీకి ఏళ్ల తరబడి వస్తుంది. చవక డబ్బా కొన్నవాడికి సెకండ్ హ్యాండ్ బజార్ లేదు. ఆట ధర ఎప్పుడు దించాలో కంపెనీ దుకాణమే నిర్ణయిస్తుంది. నాలుగైదు వేలు పెట్టి కొన్న ఆటని ఆడేశాక వెయ్యికి కూడా అమ్ముకోలేడు. నెలకో ఆట కొనే ఇంటికి ఆ పదివేల మిగులు ఏడాది తిరక్కుండా పోతుంది.

కొన్నాక మనసు మారిందనుకోండి. 2023లో అమెరికాలో సన్న ప్లేస్టేషన్ రెండు రకాల మధ్య తేడా 50 డాలర్లే. విడిగా డిస్కు డ్రైవు కొని తగిలించుకోవాలంటే 80. పైగా మొదటిసారి తగిలించినప్పుడు నెట్ ఉంటేనే అది పని మొదలుపెడుతుంది. ముందు డబ్బు లేక చవకది కొన్నవాడే చివరికి ఎక్కువ కట్టాడు.

కంపెనీల తరఫు మాట కూడా వినాలి. డిస్కు గీతలు పడుతుంది, పోతుంది. నఖ్లీ డిస్కులతో నష్టపోయింది ఆట తయారుచేసిన కుర్రాళ్లే, హైదరాబాద్ కుర్రాళ్లు కూడా. మైక్రోసాఫ్ట్ నెలవారీ చందాతో వందల ఆటలు ఇస్తుంది, ఆడి వదిలేసే పిల్లలకి అదే లాభం కావచ్చు. ఒక ఖాతాని ఇద్దరు వాడుకునే దారులూ ఉన్నాయి, కంపెనీ ఇజాజత్ ఉన్నంతకాలం. ఈ రోజు డిస్కు కొన్నా సగం ఆట నెట్ నుంచే దిగుతుందనే మాటా అబద్ధం కాదు.

అయినా నాకు మదర్సాలో మౌల్వీ సాబ్ చెప్పిన పాఠం గుర్తొస్తుంది. ఫిఖ్హ్‌లో దానికి ఆరియత్ అని పేరు. నీ వస్తువుని పైసా తీసుకోకుండా పక్కవాడికి వాడుకోనివ్వడం. వాడుకున్నవాడి చేతిలో అది అమానత్. ఖురాన్‌లో సూరె మాఊన్ అని చిన్న సూరా ఉంది, మన పిల్లలందరికీ నోటికి వచ్చు. మాఊన్ అంటే చిన్నచిన్న వాడుక వస్తువులని ముఫస్సిర్లు చెబుతారు, గిన్నె, బాల్చీ, గొడ్డలి లాంటివి. పొరుగువాడు అడిగితే ఇవ్వనివాళ్ల గురించి ఆ సూరాలో గట్టి హెచ్చరిక ఉంది. మా చిన్నప్పుడు ఆ గిన్నెల్లోకే క్యాసెట్ కూడా చేరింది. ఇప్పుడు ఇవ్వాలని మనసున్నా ఇవ్వడానికి చేతిలో ఏమీ ఉండదు. ఆరియత్ ఇవ్వాలంటే ముందు మిల్కియత్ ఉండాలి. డిజిటల్ ఆటలో మనకి అమ్మేది ఆడుకునే ఇజాజత్ మాత్రమే. ఈ మాట దాచొద్దని అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో చట్టం చేసింది. డిజిటల్ సరుకుకి 'కొనండి' అనే మీట పెడితే, నీకిచ్చేది లైసెన్సే అని పక్కనే స్పష్టంగా చెప్పాలి. 2025 జనవరి నుంచి అమలు. మదీనా బజార్లో ధాన్యం కుప్పలో రసూలుల్లా సల్లల్లాహు అలైహి వసల్లం చెయ్యి పెట్టి, లోపల తడి తగిలితే, తడిసిన గింజల్ని జనం చూసేలా పైన ఎందుకు పెట్టలేదని అడిగిన కిస్సా మీకందరికీ తెలుసు. కాలిఫోర్నియా వాళ్లకి తెలిసి ఉండదు గానీ చేసింది ఆ పనే.

ఇంటర్నెట్ దుకాణాలకి తాళాలు పడడమూ మొదలైంది. నింటెండో వీ యూ, 3డీఎస్ దుకాణాలు 2023 మార్చిలో మూతపడ్డాయి. ఎక్స్‌బాక్స్ 360 దుకాణం 2024 జూలైలో. అదే ఏడాది నవంబరులో సోనీ తన అతి ఖరీదైన డబ్బా, ప్లేస్టేషన్ 5 ప్రో, 700 డాలర్లకి దించింది. మన దేశానికి తేలేదు. దాంట్లోనూ డిస్కు సందు లేదు, కావాలంటే వేరే కొనుక్కోవాలి. గరీబు డబ్బాలోంచి తీసేసింది నాలుగేళ్లలో అమీరు డబ్బాలోంచీ పోయింది.

ఈద్‌కి రెండ్రోజుల ముందు భతీజాకి ఫోన్ చేసి ఇదంతా చెప్పలేదు. ఒక్కటే అడిగాను: "ఆటలు మీ నాలుగిళ్లకీ ఎలా తిరుగుతాయిరా?" కాసేపు మాట్లాడలేదు. "ఆర్టీసీ బస్సులో చాచా, ఎవరు వస్తే వాళ్ల చేత" అన్నాడు. మరి డిస్కు లేకపోతే? మళ్లీ మౌనం. డబ్బాని నెలకో ఇంట్లో ఉంచుకోవాలని ముందే అనుకున్నారట. పెద్ద పిల్లలిద్దరూ ఎప్పటికైనా తలా ఒకటి కొనుక్కుంటామని కూడా అనుకున్నారట.

ఆ పదివేలూ జమ చేయడానికి వాళ్లకి బక్రీద్ దాకా పట్టింది. డిస్కులు పెట్టేదే కొన్నారు. మొదట తెచ్చిన ఫుట్‌బాల్ డిస్కు జూలైలో బొబ్బిలి వెళ్లింది. ఇంకా తిరిగి రాలేదు. నెలకోసారి నాకు ఫిర్యాదు వస్తుంది, బొబ్బిలి చెల్లెలితో మాట్లాడమని.